చెలమ దగ్గర మనిషి వాసన

జరిగిన అన్యాయాలను ముందు తేదీల వారీగా రాస్తున్నాను. కారణాలూ వివరాలూ ఆ తరువాత.

2001 నవంబరు 30. మా లంకలో సరుగుడు తోట పక్కనున్న మంచినీటి చెలమ దగ్గర, మెడకు ఉచ్చు తీగ బిగుసుకుపోయి తిరుగుతున్న ఆడ దుప్పి గురించి అటవీ కార్యాలయానికి అర్జీ ఇచ్చాను. జవాబు లేదు.

డిసెంబరు 6. అదే అర్జీ నకలు రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకంతో కార్డు తిరిగి వచ్చింది. జవాబు రాలేదు.

డిసెంబరు 13. ఇద్దరు ఉద్యోగులు పట్టపగలు పదకొండు గంటలకు వచ్చి, చెలమ గట్టున కూర్చుని పులిహోర పొట్లాలు విప్పి తిని, సబ్బు రుద్దుకుని ఆ నీళ్ళలోనే చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ తరువాత నాలుగు రోజులు ఏ దుప్పీ ఆ చెలమ వైపు రాలేదు.

2002 జనవరి 3. దుప్పి మెడ నుంచి మేము కత్తిరించి తీసిన తీగ ముక్కనూ, నా నోటుపుస్తకాన్నీ ఆ కార్యాలయంలో స్వయంగా అప్పగించాను. పుస్తకానికి రసీదు ఇచ్చారు. తీగకు ఇవ్వలేదు.

జనవరి 10. మా పొరుగింటి మత్స్యకారుడి వలను పట్టుకుపోయారు.

జనవరి 21. వల పన్ని దుప్పిని వేటాడాడని అతని మీద కేసు పెట్టారు. సాక్ష్యంగా నా పుస్తకాన్నే చూపారు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో తీగ ముక్క లేదు.

నేటికి పదకొండు వాయిదాలయ్యాయి. పన్నెండోది వచ్చే నెలలో. తీగ ముక్క కోర్టు ముందుకు రాకపోతే అతనికి శిక్ష తప్పదని వకీలు గారు నాతో రెండుసార్లు అన్నారు. అతను చేసిన నేరం ఏమిటంటే, ఒక మూగజీవి దగ్గరికి వెళ్ళడం కోసం తన ఒంటి వాసనను దాచుకోవడం. దాన్ని నేను కాగితం మీద పెట్టడం రెండో నేరం. కాబట్టి ఇది రాయవలసిన బాధ్యత నాదే.

నేను గుడివాడలో ముప్ఫై ఏళ్ళకు పైగా సైన్సు పాఠాలు చెప్పాను. ఉద్యోగ విరమణ తరువాత మా అమ్మ పుట్టిన ఊరికి, దివిసీమ చివరనున్న లంకకు, వచ్చి స్థిరపడ్డాను. పంటు పడవ మీద పాయ దాటితే గాని బస్సు ముఖం చూడలేని ఊరది. ఏ రోజు గాలి ఎటు వీచింది, మంచు ఎంతసేపు నిలిచింది, ఏ పిట్ట ముందుగా కూసింది, ఇవన్నీ పుస్తకంలో రాసుకోవడం నాకు పాతికేళ్ళ అలవాటు. దానివల్ల ఏదో ఉపయోగం ఉందని కాదు. పళ్ళు తోముకోవడం లాంటిదే అదీ.

మా లంక చుట్టూ నీరే, తాగడానికి పనికివచ్చేవి మాత్రం ఇసుకలో తవ్విన చెలమల్లోని నీళ్ళే. చలికాలంలో వానగుంటలు ఇంకిపోయాక ఊరి గేదెలూ, తోటలోని దుప్పులూ, నక్కలూ అన్నీ ఆ ఒక్క పెద్ద చెలమకే రావాలి. నవంబరు ఆఖరి వారంలో, దూరంగా గట్టు మీద నిలబడి చూస్తుండగా, ఆ ఆడ దుప్పి నా కంటపడింది. అడవి పందుల కోసం ఎవరో పెట్టిన ఉచ్చు అది. సైకిలు బ్రేకు తీగ. తెంపుకుని వచ్చింది గాని, ముడి మెడలోనే ఉండిపోయింది. నీళ్ళు తాగేటప్పుడు గుక్క గుక్కకూ ఆగి, తల పక్కకు వంచి, కష్టపడి మింగేది. మొదటి రోజు లెక్కపెడితే ముప్ఫై ఒక్క గుక్కలు తాగింది. వారం తరువాత ఇరవై రెండు. డిసెంబరు పన్నెండున పద్నాలుగు.

ఆ అంకెలు నన్ను నిద్రపోనివ్వలేదు. అవి ఎక్కడికి చేరతాయో ఎవరూ నాకు చెప్పనక్కరలేదు.

అర్జీలకు జవాబు లేకపోయేసరికి పొరుగింటి అతన్ని అడిగాను. సముద్రం మీద బతికే మనిషి. వల విసరడం తెలిసినవాడు. ముఖ్యంగా, అతని తాత ఒకప్పుడు, నిషేధం లేని రోజుల్లో, దుప్పులను వేటాడేవాడు. ఈ చివరి వాక్యాన్ని నేను అప్పుడు యథాతథంగా పుస్తకంలో రాశాను. ఆ పేజీని ఇవాళ ప్రభుత్వ వకీలు గొంతెత్తి చదువుతున్నాడు.

"వల పెద్ద పని కాదు మాస్టారూ," అన్నాడతను. "మనం దాని పక్కకి చేరడమే పని."

"కనిపించకుండా కూర్చుంటే సరి కదా?"

"కళ్ళకి కనపడితే ఆగి చూస్తుంది. ముక్కుకి తగిలితే చూడను కూడా చూడదు. ఎగిరిపోద్ది."

అయితే ఒంటికి ఏ వాసనా లేకుండా శుభ్రంగా సున్నిపిండితో రుద్దుకుని స్నానం చేసి వస్తానన్నాను. అతని భార్య పక్కనే కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. ఆమె ఘొల్లుమని నవ్వింది.

"పెళ్ళికొడుకులా తయారై వెళ్తారా ఏంటి మాస్టారూ దాని దగ్గరికి?"

"నువ్వాగు," అని అతను నా వైపు తిరిగాడు. "వాసన లేకుండా పోవడం దేవుడి వల్ల కూడా కాదండీ. తెలిసిన కంపులో మనం దూరిపోవాలి. మా ఎండుచేపల కంపు అది పుట్టినప్పట్నుంచీ పీలుస్తోంది. గేదెలూ రోజూ దాని పక్కనే తాగుతున్నాయి. వాటికి బెదరదు. కొత్త కంపుకి బెదురుద్ది. సబ్బు కొత్త. కొబ్బరినూనె కొత్త. మీరు మొహానికి రాసుకుంటారే, ఆ తెల్లపౌడరు మరీ కొత్త."

ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పినవాడికి ఈ విషయం తట్టకపోవడం నాకు సిగ్గనిపించింది. ఆ రోజే నియమాలు రాసుకున్నాను. మూడు రోజుల ముందు నుంచి సబ్బు, నూనె, పౌడరు ఉండకూడదు. కట్టుకోబోయే బట్టలు రెండు రోజులు గేదెల సావిడిలో వేలాడాలి. వల కూడా అక్కడే, గేదెలు పడుకునే గడ్డి మీద పరచి ఉండాలి. తీగ కత్తిరించే ప్లయరును బూడిద నీళ్ళలో మరగబెట్టాలి. గేదెలు నడిచే దారినే, వాటి పేడ తొక్కుకుంటూ వెళ్ళాలి. చెలమ గట్టును చేత్తో ముట్టుకోకూడదు. అన్నిటికీ మించినది గాలి. చలికాలంలో తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు సన్నగా వీస్తుంది. కాబట్టి మేము చెలమకు సముద్రం వైపున, సరుగుడు మండల చాటున కూర్చోవాలి. ఎనిమిదిన్నర దాటాక గాలి తడబడుతుంది. పదింటికల్లా సముద్రం వైపు నుంచి తిరిగి కొడుతుంది. ఆలోపే లేచి రావాలి. మంచు కురిసిన ఉదయాల్లో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ చెమ్మలో వాసన పైకి లేవదు, ఇసుక మీదే పాకుతుంది.

డిసెంబరు 18 ఉదయం మొదటిసారి కూర్చున్నాం. ఆరు దాటాక నాలుగు దుప్పులు సరుగుడు చెట్ల మధ్య నుంచి వచ్చాయి. మెడకు తీగ ఉన్నది చివరన. చెలమ పైనున్న సరుగుడు కొమ్మకు కట్టిన వల తాడు అతని చేతిలో ఉంది. మాకూ దానికీ మధ్య పదిహేను గజాలు కూడా లేదు. మూతి నీళ్ళకు వంచబోయి ఆగింది. తల ఎత్తింది. చెవులు రెండూ మా మండ వైపు తిప్పింది. ముందుకాలితో నేలను ఒక్కసారి కొట్టింది. రెండోసారి కాలు కొట్టి, ఈల లాంటి కూత వేసి, తోక ఎత్తుకుని దూకింది. మరుక్షణం అక్కడ ఏ దుప్పీ లేదు. ఆ రోజు అది ఒక్క గుక్క కూడా తాగలేదు.

"మాస్టారూ," అన్నాడతను, "పొద్దున్న పళ్ళు దేంతో తోముకున్నారు?"

"పేస్టుతో."

నేను పుస్తకం తీసి నా తప్పును నేనే రాసుకున్నాను.

డిసెంబరు 22న బొగ్గుపొడితో తోముకుని వెళ్ళాను. గాలి సరిగ్గా ఉంది. చిటికెడు బూడిద వదిలి చూశాను, నేరుగా సముద్రం వైపు పోయింది. అంత వరకు బాగుంది. తీరా దుప్పి చెలమ అవతలికి వచ్చే సమయానికి, కూర్చున్న చోటనే గాలి ఒక్క క్షణం సుడి తిరిగింది. దుప్పి మళ్ళీ తల ఎత్తింది, మళ్ళీ కాలు కొట్టింది, మళ్ళీ పోయింది. అతను నన్ను ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. నాకు కోపం వచ్చింది.

"బీడీ తాగావా?"

"నాలుగు రోజులైంది మాస్టారూ బీడీ ముట్టి."

"మరి ఎవరి వాసన అది? నేను బొగ్గుపొడీ నీళ్ళూ తప్ప ఏదీ నోట పెట్టలేదు."

అతను వల మడత పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం పుస్తకంలో "అతడు బీడీ తాగి ఉండవచ్చును" అని రాశాను. అది అన్యాయమైన మాట. తరువాత కొట్టివేశాను. కొట్టివేత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయని, వాసన దాచడానికి అతను బీడీ కూడా మానేసేంత ఆరితేరినవాడని దానివల్ల తెలుస్తోందని ప్రభుత్వ వకీలు వాదన.

క్రిస్మస్ ఆరాధనకు బందరు వెళ్ళి మరునాడు తిరిగొచ్చాను. వాళ్ళింటికి కేకు తీసుకుని వెళ్తే, అతని భార్య సావిడిలో గేదెకు కుడితి పెడుతోంది. నా చొక్కా అక్కడే దూలానికి వేలాడుతోంది. ఆ ఉదయం దూరం నుంచి చూస్తే దుప్పి తొమ్మిది గుక్కలే తాగిందని అతను చెప్పాడు. ఆ అంకె రాసుకోవడానికి సంచిలోంచి పుస్తకం తీశాను.

ఆమె కుడితి తొట్టి దగ్గర నుంచి లేచి నిలబడింది.

"మాస్టారూ, ఒక మాట చెప్తే కోపం చేసుకోరు కదా?"

"మాటను బట్టి ఉంటుందమ్మా."

"నువ్వూరుకోవే," అన్నాడతను కంగారుగా.

"ఎందుకూరుకోవాలి? అక్కడ దాని పీక తెగిపోతుంటే నీకు మొహమాటమా?" అని నా వైపు తిరిగింది. "ఆ కంపు మీ పుస్తకానిదండీ. కలరా ఉండల కంపు. మీరు సందు మలుపు తిరుగుతుండగానే మా పిల్ల పలకా పుస్తకం సర్దుకుని కూర్చుంటుంది. మాస్టారొస్తున్నారని ముక్కుతోనే కనిపెడుతుంది."

పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని పీల్చాను. నాకు ఏ వాసనా తెలియలేదు. పాతికేళ్ళ నోటుపుస్తకాలన్నీ ఇనప్పెట్టెలో, పురుగు పట్టకుండా కలరా ఉండల మధ్య దాచుకునేవాణ్ణి. వాడుకలో ఉన్న పుస్తకం కూడా రాత్రికి ఆ పెట్టెలోకే చేరేది. మా సావిడి నియమాలన్నీ పాటించి, పేడ తొక్కుకుంటూ వెళ్ళి, ఒళ్ళో ఆ పుస్తకాన్ని పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

"నీకు ముందే తెలుసా?" అని అతన్ని అడిగాను.

తల గోక్కున్నాడు. "మొదటి రోజే తెలుసండీ."

"మరి చెప్పవేం?"

"పెద్దవారు. మా పిల్లకి చదువు చెప్తున్నారు. మీరు కంపు కొడుతున్నారని ఎలా చెప్తానండీ మొహం మీద?"

నాకు పట్టరాని కోపం వచ్చింది. నా మర్యాద కాపాడటానికి ఎనిమిది రోజులు పోగొట్టారు. ఆ ఎనిమిది రోజుల్లో ఆ దుప్పి మెడలో తీగ ఎంత లోపలికి దిగిందో! "నీ మర్యాద మండిపోనూ!" అని అరిచాను. గేదె ఉలిక్కిపడి తాడు లాగింది. తరువాత తెలిసింది, నా కోపం అతని మీద కాదని.

డిసెంబరు 29న పుస్తకం లేకుండా వెళ్ళాను. చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంచు దట్టంగా ఉంది. సరుగుడు ఆకుల నుంచి బొట్లు నా మెడ మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి ధైర్యం లేదు. అతను చెవి వెనక తడి చేసుకుని గాలిని చూసుకున్నాడు. ముందు గేదెలు వచ్చి తాగి వెళ్ళాయి. వాటి వెనకనే దుప్పులు.

ఆడ దుప్పి ఈసారి చివరన కూడా లేదు. మిగతావి తాగి పోయాక, ఒంటరిగా, నాలుగు అడుగులకు ఒకసారి నిలబడుతూ వచ్చింది. తల ఎత్తింది. చెవులు మా వైపు తిప్పింది. ముందుకాలు లేచింది. ఆ కాలు గాలిలో అలాగే ఉండి, నెమ్మదిగా ఇసుక మీద ఆనింది. మూతి నీళ్ళకు తగిలింది.

అతను తాడు లాగాడు. వల పడింది. ఆ చిక్కిన శరీరంలో అంత బలం ఎక్కడిదో, వలతో సహా ఇద్దర్నీ ఈడ్చింది. అతను గోనె సంచి దాని కళ్ళ మీద కప్పి మెడను ఒడిసి పట్టుకున్నాడు. "తొందరగా మాస్టారూ!" తీగ మాంసంలోకి దిగి కనిపించలేదు, వేలితో వెతకవలసి వచ్చింది. చీము కంపు. ప్లయరు రెండుసార్లు జారింది. మూడోసారి టక్కుమని తెగింది. వేపనూనె పోసి, సంచి తీసి, వల ఎత్తాం. పడి, లేచి, మా ఇద్దరి మధ్య నుంచే పరిగెత్తిపోయింది. అతను ఇసుకలో వెల్లకిలా పడుకుని నవ్వాడు. నేను ఏడ్చాను.

ఇంటికి వచ్చి, తొమ్మిదిలోపే, జరిగినదంతా పుస్తకంలో రాశాను.

జనవరి 3న ఆ కార్యాలయానికి వెళ్ళింది గర్వంతోనే. మీరు చేయని పని మేము చేశామని చెప్పడానికి, ఉచ్చులు పెడుతున్నవారిని పట్టుకోమని అడగడానికి. పుస్తకానికి పట్టుబట్టి రసీదు రాయించుకున్నాను. తీగ ముక్కకు కూడా అడిగితే అధికారి నవ్వాడు.

"బ్రేకు తీగకి రసీదేంటండీ మాస్టారూ? మేమెక్కడికి పోతాం?"

ఊరుకున్నాను. నా జీవితంలో రసీదు లేకుండా అప్పగించిన వస్తువు అదొక్కటే.

కేసు పెట్టాక మళ్ళీ వెళ్ళాను. అదే అధికారి నా పుస్తకాన్ని నా ముందే తెరిచాడు.

"ఇదిగోనండి, మీ చేతిరాతే కదా. బట్టలు రెండు రోజులు సావిడిలో. సబ్బు లేదు. గాలి చూసుకుని మాటు. వేటగాడు కాకపోతే ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి?"

"ఆపరేషను చేసే డాక్టరు చేతులు కడుక్కుంటే, కత్తితో పొడవడానికే కడుక్కున్నాడంటారా?"

"అవన్నీ కోర్టులో చెప్పుకోండి."

"తీగ తీసిన రోజు పేజీ కూడా ఉంది. చదవండి."

"అది ఇంటికొచ్చాక రాశానని మీరే పైన రాశారు కదండీ. అప్పటికప్పుడు రాసినవి వేరు, తరవాత రాసినవి వేరు. ఎలా నమ్మమంటారు?"

పుస్తకం వెంట ఉన్న రోజుల రాతలు అతన్ని వేటగాణ్ణి చేశాయి. పుస్తకం లేని ఒక్క రోజు, ఆ ప్రాణం దక్కిన రోజు, కల్పన అయింది. తీగ ఎక్కడుందని అడిగితే, "ఏ తీగ?" అన్నాడు.

ప్రతి వాయిదాకూ మేమిద్దరం మొదటి పంటు ఎక్కి, అవనిగడ్డ మీదుగా బందరు వెళ్తాం. కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చుని, మరో తేదీ తీసుకుని తిరిగి వస్తాం. ఆ రోజు అతను సముద్రం మీదికి వెళ్ళలేడు. వల మూడేళ్ళుగా కోర్టు గదిలో ఉంది. పోయినసారి తిరిగి వచ్చేసరికి అతని భార్య రేవులో నిలబడి ఉంది.

"మళ్ళీ తేదీయేనా?" అంది. నేను తల ఊపాను. "మీరు రాయకపోతే మేం బాగుండేవాళ్ళం మాస్టారూ."

"ఊరుకోవే. మాస్టారు రాయకపోతే మన మాట ఎవరు నమ్ముతారు?"

"ఇప్పుడెవరు నమ్మారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసినవారు అటవీ కార్యాలయంలో ఉన్నారు.

ఆ దుప్పి బతికింది. నిరుడు చలికాలంలో కూడా చూశాను. మెడ చుట్టూ వెంట్రుకలు మొలవని చార ఒకటి ఉంది. దాన్ని బోనెక్కించి సాక్ష్యం చెప్పించే దారి చట్టంలో లేదు. చెప్పగలిగేది ఆ తీగ ముక్క ఒక్కటే. దాని ముడి, తెగిన అంచు, దానికి అంటిన వెంట్రుకలు చూస్తే అక్కడ ఎవరు వేటాడారో, ఎవరు విడిపించారో చదువు రానివారికి కూడా తెలుస్తుంది.

కనుక, 2002 జనవరి 3న నేను తీగ ముక్కతో, పుస్తకంతో వెళ్ళిన ఆ అటవీ కార్యాలయాన్ని ఇందుమూలంగా కోరుతున్నది ఏమనగా: ఆ రోజు నా చేతి నుంచి మీ బల్ల మీదికి చేరిన తీగ ముక్క ఇప్పుడు ఎక్కడ ఉన్నదో, లేనట్లయితే ఎవరి స్వాధీనంలో ఉండగా పోయినదో, స్వాధీన వస్తువుల జాబితాలో దాన్ని ఎందుకు చేర్చలేదో తెలియజేయాలి. ఒక ప్రాణిని బాధ నుంచి తప్పించడానికి మనిషి తన వాసనను దాచుకోవడం ఏ నిబంధన ప్రకారం వేట అవుతుందో, ఆ నిబంధన సంఖ్యతో సహా తెలియజేయాలి. ఈ రెంటికీ జవాబు, అధికారి సంతకంతో, తేదీతో, కార్యాలయ ముద్రతో, వచ్చే వాయిదాకు కనీసం వారం రోజుల ముందుగా రిజిస్టరు పోస్టులో నాకు అందాలి. నకలు వకీలు గారికి పంపాలి. నోటి మాటగా చెప్పేది దేన్నీ జవాబుగా స్వీకరించను.

2004 డిసెంబరు, దివిసీమ.